చెంగయ్య పసుపు కాగితం

ముత్తుకూరు నుంచి నెల్లూరికి పాత మోరిస్ కారును అద్దెకు తిప్పే చెంగయ్యకు పొద్దున్నే మొదటి పని, బానెట్ మీద పేరుకున్న ఉప్పుగాలి జిడ్డును తుండుగుడ్డతో తుడవడం. రెండోది, అద్దం పక్కన తగిలించిన ఇన్సూరెన్సు కాగితాన్ని కళ్లకద్దుకోవడం. ఏటా కొత్త కాగితం రాగానే పోలేరమ్మ గుళ్లో పెట్టించి, నాలుగు మూలలా పసుపు పూసేవాడు. సర్కారు కట్టి తీరాలన్నదంటే అది తననూ కారునూ కాచేదేనని అతని నమ్మకం. నిరుడు వానలో చేపల గంపతో ఒక ముసలామె రోడ్డుకు అడ్డం వచ్చింది. ఆమెను తప్పించబోయి చెంగయ్య కారుతో సహా కాలవలో పడ్డాడు. ఎడమచేతి రెండు వేళ్లు పోయాయి. ఆ కట్టుతోనే నెల్లూరు ఆఫీసుకెళ్లి కాగితం చూపించాడు.

"ఇది నీకు కాదబ్బాయ్, నీ కారు కింద పడినోళ్లకి," అన్నాడు గుమాస్తా.

"అయితే ఆ ముసిలామెను గుద్దుంటే?"

"ఆమె తరపోళ్లకి ఇచ్చుండేవాళ్లం."

"తప్పించినందుకు?"

గుమాస్తా వేలికంటిన పసుపును బల్లకు రాసి, "వచ్చే నెల మళ్లీ కట్టాల, మర్చిపోబాక," అన్నాడు.

చెంగయ్య కట్టాడు. కట్టకపోతే కారును రోడ్డెక్కనివ్వరు. కొత్త కాగితానికి పసుపు మాత్రం పూయలేదు. ఇప్పటికీ ఎవరైనా అడ్డం వస్తే, ఆ మూడు వేళ్ల చెయ్యి స్టీరింగును కాలవ వైపుకే తిప్పుతుంది.