సత్తెవ్వ సగం చూసిన బొమ్మ

డేరా మేకులు ఇంకా భూమిలోకి దిగకముందే ఎల్లారెడ్డి ఊరు రెండు ముక్కలయింది. మెదక్ నుంచి దత్తోబా అనే మరాఠీ ఆయన ఎడ్లబండ్ల మీద తెస్తున్న సినిమా బొమ్మ గురించి, బొమ్మ కంటే ముందే కబుర్లు వచ్చాయి. అందులో పాటలు లేవట. దేవుళ్ళు అసలే లేరట. ఒక ఆడమనిషి ఖాళీ ఉయ్యాల ఊపుతూ ఉంటుందట, గోడ మీద ఆమె నీడ మాత్రం ఊగకుండా నిలబడి మన వైపే చూస్తుందట. మెదక్‌లో ఒకామెకు డేరాలోనే నొప్పులు వచ్చాయని ఒకరన్నారు. నొప్పులు కాదు, మూర్ఛ అని ఇంకొకరన్నారు.

"ఇంగ్లీషు సీమల సదువుకొచ్చినాయన తీసిండట. మస్తు గొప్ప బొమ్మ" అన్నాడు బడిపంతులు.

"గొప్పదైతే పాటలేవి?" అని అడిగాడు దుకాణం శెట్టి.

పోలీసు పటేలు రాజిరెడ్డికి తగవు తీర్చడం కంటే, తగవును మరొకరి నెత్తిన పెట్టడం బాగా వచ్చు. "లొల్లి బంద్ చెయ్యుండ్రి. సత్తెవ్వ కూసుండి సూస్తది. అమ్మవారు ఒంటి మీదికొస్తే బొమ్మ చెడ్డదన్నట్టు, డేరా పీకుడే. రాకుంటే ఆడుకొమ్మందాం" అన్నాడు.

ఊరంతా సరే అంది. సత్తెవ్వను మాత్రం ఎవరూ అడగలేదు.

సత్తెవ్వ యాభై దాటిన ఒంటరి మనిషి. ఆషాఢంలో పోచమ్మ బోనాలప్పుడు డప్పు మోగితే ఆమె మీదికి అమ్మవారు వచ్చేది. వాన పడుతుందా, తప్పిపోయిన దూడ ఏ దిక్కున ఉంది, అల్లుడు కాపురానికి పిలుస్తాడా అని ఊరు అప్పుడు అడిగేది, ఆమె చెప్పేది. మిగతా రోజుల్లో ఆమె గంపలో కూరగాయలు పెట్టుకుని అమ్మేది. ఆమె దగ్గర బేరమాడే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. అమ్మవారితో వంకాయల బేరం ఎవరాడతారు?

అయితే మూడేళ్ళుగా అమ్మవారు రావడం లేదన్న సంగతి సత్తెవ్వకు ఒక్కదానికే తెలుసు. మొదటి ఏడు ఎంతసేపు నిలబడ్డా ఒళ్ళు జలదరించలేదు. డప్పులవాళ్ళ చేతులు పడిపోతున్నాయని జాలిపడి తనే ఊగింది. మరుసటి ఏడు జాలి కూడా అక్కర్లేకపోయింది, అలవాటైంది.

ఆ మూడేళ్ళకు ముందు ఏడు ఇంకొకటి జరిగింది. సాలోళ్ళ ఇంటి కోడలు గంగమణి, పసిబిడ్డ చనిపోయాక మాట మానేసింది. బోనాలనాడు అత్త ఆమెను తెచ్చి నిలబెట్టి "ఏమైంది తల్లీ దీనికి?" అని అడిగింది. "దీని మీద గాలి ఉన్నది" అన్న మాట సత్తెవ్వ నోట్లోంచి వచ్చింది. అమ్మవారు అన్నదా, తనే అన్నదా అని సత్తెవ్వ ఇప్పటికీ తేల్చుకోలేదు. ఊరు మాత్రం తేల్చుకుంది. గంగమణిని గుంజకు కట్టి వేపమండలతో కొట్టారు. ఆమె తండ్రి వచ్చి కట్లు విప్పి లింగంపేటకు తీసుకుపోయాడు.

ఇప్పుడు సత్తెవ్వ ఊగితే దత్తోబా కూడు పోతుంది. ఊగకపోతే, అమ్మవారు సత్తెవ్వను విడిచిపెట్టిందని ఊరంతా తెల్లారేసరికి అంటుంది. ఆ స్థానం తనకు రావాలని అవతలి గల్లీ భూమక్క ఆ మాట కోసం ఎప్పటినుంచో జుట్టుకు నూనె కూడా పెట్టకుండా ఎదురుచూస్తోంది. సత్తెవ్వ ఆలోచించి ఆలోచించి, దత్తోబా ఇంకో ఊరికి పోతాడు, నేనెక్కడికి పోతాను, కాబట్టి ఊగుదాం అనుకుంది.

ఆ మధ్యాహ్నమే దత్తోబా టోపీ చేతిలో పట్టుకుని గుమ్మం ముందుకొచ్చాడు. బతిమాలుతాడేమో, ఏం చెప్పాలా అని ఆమె గాభరా పడింది. ఆయన బతిమాలలేదు.

"బాయీ, అమ్మవారు యాళకొస్తదా, ఎప్పుడన్నా వస్తదా? రీలు మార్చేటప్పుడొస్తే మాకు జర ఆసాన్ ఉంటది" అన్నాడు.

ఎగతాళి కాదు. ఆయన నిజంగానే అడిగాడు. సత్తెవ్వకు నవ్వాలో ఏడవాలో తెలియక "సూద్దాంపో" అంది.

దీపాలు పెట్టేవేళకు డేరా నిండిపోయింది. ఆడవాళ్ళ వైపు ముందు వరసలో సత్తెవ్వను కూర్చోబెట్టారు. పక్కన పొరుగింటి రాములవ్వ సకల సరంజామాతో వచ్చింది: వేపకొమ్మలు, నిమ్మకాయలు, చెంబు నిండా పసుపునీళ్ళు. డప్పుల సాయిలు మంట సెగకు డప్పు కాచుకుని తెచ్చుకున్నాడు. పటేలు తెర వైపు కాకుండా సత్తెవ్వ వైపే కుర్చీ తిప్పి వేయించుకున్నాడు.

బయట ఇంజను గుడగుడమంది. బొమ్మ మొదలైంది.

వాన పడుతున్న ఇల్లు. ఉయ్యాల. ఆడమనిషి ఊపుతోంది. మాట లేదు, పాట లేదు, ఉయ్యాల గొలుసు కిర్రుమనడం తప్ప చప్పుడు లేదు. అది ఎంతసేపు కిర్రుమందంటే, డేరాలో బీడీలు తాగేవాళ్ళు పీల్చడం మరిచిపోయి వేళ్ళు కాల్చుకున్నారు. నీడ నిజంగానే కదలలేదు.

"వస్తున్నదా అవ్వా?" అని చెవిలో అడిగింది రాములవ్వ, బస్సు కోసం అడిగినట్టు.

"ఊకో."

ఊగడానికి ఇదే మంచి సమయం అనుకుంది సత్తెవ్వ. కాని ఒళ్ళు బిగుసుకుపోయింది. చెయ్యి కదిపితే తెర మీది నీడ తన వైపు తిరుగుతుందేమో అనిపించింది. ముప్పై ఏళ్ళుగా ఊరి దయ్యాలను దబాయించిన మనిషి, గుడ్డ మీది నీడకు జడిసింది.

"ఇంకా రాలేదా? సాయిలు డప్పు చల్లారిపోతున్నది" అంది రాములవ్వ.

తెర మీద తలుపు తెరుచుకుంది. జనం వచ్చారు. ఉయ్యాల ఊపే ఆమెను గుంజకు కట్టారు. వాళ్ళ మధ్యలోంచి జుట్టు విరబోసుకున్న ఒక ముసలామె ముందుకొచ్చింది. ఆ సీమ చదువుల మనిషి ఎలా తీశాడో గాని, ముసలామెను కట్టేసిన మనిషి కండ్లతో చూపించాడు. కిందినుంచి చూస్తే ఆ ముఖం డేరా అంత పెరిగింది. రూపాయంత బొట్టు. తెరిచిన నోరు. చాచిన వేలు సూటిగా సత్తెవ్వ మీదికి వచ్చింది.

ఊగేటప్పుడు తన ముఖం ఎలా ఉంటుందో సత్తెవ్వ ఎన్నడూ చూడలేదు. ఆ ముఖాన్ని ఇలా కిందినుంచి చూసింది గంగమణి ఒక్కతే.

వేపమండ పైకి లేచింది. తెరలోంచి సర్రున దిగింది.

"కొట్టకుండ్రి! ఇడువుండ్రి ఆ పోరిని!"

సత్తెవ్వ ఎప్పుడు లేచిందో, ఎప్పుడు తెరకు అడ్డంగా నిలబడిందో ఆమెకే తెలియదు. కొప్పు ఊడిపోయింది, ఒళ్ళంతా వణుకు. సాయిలు డప్పు అందుకున్నాడు. రాములవ్వ చెంబెడు పసుపునీళ్ళు నెత్తిన కుమ్మరించింది. మిషను ఆగింది, ఎవరో పెట్రోమాక్సు లైటు పైకెత్తారు. ఆడవాళ్ళంతా చేతులు జోడించారు. దత్తోబా మేకులు పీకే గునపం కోసం వెతుక్కోసాగాడు.

పటేలు లేచి, మామూలుగా బోనాలప్పుడు అడిగినట్టే వంగి అడిగాడు. "ఎవలవు తల్లీ నువ్వు? పోచమ్మవా, ఎల్లమ్మవా?"

డప్పు ఆగింది. పసుపునీళ్ళు ముక్కు మీదినుంచి కారుతున్నాయి. ఒక్క మాట చాలు. ఆ మాట ఆమె నాలుక మీద సిద్ధంగానే ఉంది. సత్తెవ్వ పటేలును చూసింది, జోడించిన చేతులన్నిటినీ చూసింది.

"సత్తెవ్వను" అంది.

రాములవ్వ ఆమె కొంగు గుంజింది. "గట్ల అనకవ్వా! మల్లడుగుతరు, సక్కగ చెప్పు."

పటేలు మంచివాడే. నిజంగానే మళ్ళీ అడిగాడు. "ఏ తల్లివమ్మా?"

"నేను సత్తెవ్వనే పటేలా. అమ్మవారు రాలే. మూడేండ్ల సంది వస్తలేదు. నాకు భయమైంది, గంతే." కొంగుతో ముఖం తుడుచుకుని అంది. "గంగమణి మీద గాలి ఉన్నదని చెప్పింది గూడ అమ్మవారో నేనో, నాకు తెల్వది."

గంగమణి అత్త తల వంచుకుంది. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అప్పుడు దత్తోబా, గునపం చేతిలోనే పట్టుకుని, భయంభయంగా అడిగాడు. "మరి... రీలు పెట్టాల్నా, వద్దా పటేల్ సాబ్?"

పటేలు తన తీర్పు తనే గుర్తు తెచ్చుకున్నాడు. "అమ్మవారైతే రాలే కద. పెట్టు."

సత్తెవ్వ తడి చీరతో డేరా బయటికి నడిచింది. వెనకాల ఉయ్యాల మళ్ళీ కిర్రుమంది.

ఆ తెల్లారి నుంచే ఆమె వంకాయలకు బేరం మొదలైంది. ఈసారి బోనాలకు భూమక్క నిలబడుతుందని చాటింపు కూడా అయింది. వారం కాకముందే సత్తెవ్వ గంప ఇంట్లో పెట్టి, బస్సెక్కి లింగంపేటకు పోయింది.

గంగమణి అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతోంది. ఆమె తల్లి మొహం తిప్పుకుని లోపలికి పోయింది. సత్తెవ్వ కింద కూర్చుని ఉన్నదంతా చెప్పింది. ఉయ్యాల, నీడ, ముసలామె ముఖం, పటేలు అడిగింది, తను అన్నది. గంగమణి చేతులు ఆగలేదు. ఆకు కత్తిరిస్తూ విన్నది.

"ఆ పిల్ల కట్లు ఇప్పిన్రా?" అంది చివరికి. బిడ్డ పోయాక ఆమె గొంతు సత్తెవ్వ వినడం అదే మొదటిసారి.

ఒకప్పటి సత్తెవ్వ అయితే ఏదో ఒకటి చెప్పేది. "తెల్వది బిడ్డా. నేను నడుమలనే లేచొచ్చిన."

గంగమణి బీడీకి దారం చుట్టి పళ్ళెంలో వేసింది. "గిప్పుడా డేరా ఏడున్నది?"

"కామారెడ్డిలనట."

మరుసటి అంగడినాడు ఇద్దరూ కామారెడ్డిలో, స్టేషను అవతలి మైదానంలో వేసిన డేరాలో నేల మీద కూర్చున్నారు. దత్తోబా సత్తెవ్వను చూసి గతుక్కుమన్నాడు గాని టికెట్టు చింపి ఇచ్చాడు. వాన మొదలైంది. గొలుసు కిర్రుమంది. గంగమణి రెప్ప వేయలేదు. జనం వచ్చారు, కట్టేశారు. డేరా అంత ముఖం మీదికి వచ్చింది. సత్తెవ్వ మోకాళ్ళు వాటంతటవే లేవబోయాయి.

చీకట్లో గంగమణి చెయ్యి వచ్చి ఆమె మణికట్టును గట్టిగా పట్టుకుంది.

"కూసో అవ్వా. నువ్వు అడ్డమొస్తే నాకు కనబడది."