పగలని గుడ్లు

“దారిలో కుదుపులేమైనా ఎక్కువయ్యాయా?” అని హేచరీ మేనేజరమ్మ అడిగినప్పుడు నిదానం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

“ఒక్కటీ పగల్లేదు మేడమ్. చూడండి, ట్రేలకి తడి కూడా అంటలేదు,” అన్నాడు, ఎవరో తన ఇంటి పరువు మీద చెయ్యి వేసినట్టు.

నిదానం అతని అసలు పేరు కాదు. బండి అంత మెల్లగా నడుపుతాడు కాబట్టి జనం అలా పిలవడం మొదలుపెట్టారు. వెనకాల వచ్చే లారీవాళ్లు హారన్ కొట్టి కొట్టి విసిగిపోయి, దాటిపోతూ తల బయటపెట్టి “నడిచొస్తున్నావా పెద్దాయనా?” అని అడిగినా నవ్వి ఊరుకునేవాడు. అతని పికప్ వెనకాల ఉండేవి గుడ్లు. అవి తినే గుడ్లు కావు, పొదిగించే గుడ్లు. వాగుకి అవతల కొండవాలులో చెల్లెలు పెంచే కోళ్లవి. వాటిని వాగు దాటించి, పట్నంలో ఉన్న హేచరీకి చేర్చడం అతని పని. అందులో అతని గొప్ప ఒక్కటే: గుడ్డు పగలదు.

మేనేజరమ్మ ఎదుట బల్ల మీద పిల్ల రాని గుడ్లు వరసగా ఉన్నాయి. ఆవిడకి కోపం లేదు. ఉంటే బాగుండేదని నిదానానికి అనిపించింది.

“చెల్లెమ్మగారి కోళ్లు మంచివే. కానీ ఈ మధ్య ప్రతి విడతలోనూ సగానికి సగం గుడ్లు వృథా అయిపోతున్నాయి. దాణా మార్చలేదంటున్నారు. గుడ్లు నిలవ పెట్టడం లేదంటున్నారు. దారిలో ఏమీ లేదని మీరంటున్నారు. ఇక మిగిలింది పుంజులే. ముసలివైపోయి ఉంటాయి. మొత్తం మంద మార్చేయమనండి. లేకపోతే మేం తీసుకోలేం.”

ఆవిడ లేచి చేతులు కడుక్కుంటూ మాటవరసకి ఇంకొక్కటి చెప్పింది. “కుదుపుల సంగతి ఎందుకడిగానంటే, గుడ్డుకి మొద్దు వైపు లోపల చిన్న గాలి గది ఉంటుంది. గట్టిగా అదిరితే అది చోటు వదిలేసి లోపల తిరుగుతుంది. పెంకు మీద గీత కూడా పడదు. పైకి నిక్షేపంలా ఉంటుంది, పొదిగిస్తే పిల్ల రాదు. మీ బండిలో ఆ బాధ లేదుగా.”

నిదానం ఏదో చెప్పబోయాడు. “లేదండీ” అన్న మాటే బయటికొచ్చింది.

*

బండి ఎత్తు పెంచింది వానలకి ముందు. అంతకుముందు వానల్లో వాగు నడిమధ్య ఇంజన్‌లోకి నీళ్లు పోయి బండి మొరాయించింది. గుడ్లన్నీ తలమీద పెట్టుకుని గట్టెక్కించాల్సి వచ్చింది. ఇక లాభం లేదని అతను జాకీ దగ్గరికి వెళ్లాడు. జాకీ మెకానిక్కు. మనిషి మొహం కన్నా బండి కింద నుంచి బయటికొచ్చిన కాళ్లే ఊరికి ఎక్కువ తెలుసు. జాకీ ముందు చక్రాల దగ్గరి కడ్డీల బోల్టులు బిగించి ముందుభాగం లేపాడు. వెనక స్ప్రింగు పట్టీల కట్టలో మరో దళసరి పట్టీ చేర్చాడు. బండి జానెడు లేచి, రొమ్ము విరుచుకుని నిలబడింది.

చెల్లెలికి మొదటినుంచీ నచ్చలేదు. “ఉన్న బండిని మేడెక్కించావు. నిచ్చెన కూడా నువ్వే ఇస్తావా అన్నయ్యా?” అని ఒకసారి చూసి, మళ్లీ ఆ బండి ఎక్కలేదు.

“వాగు దాటుతుందా లేదా? ఏదైనా తేడా వస్తే పూచీ నాది,” అన్నాడు అతను.

వాగు దాటింది. కానీ ఆ రోజు నుంచీ అతని ఒళ్లు హూనమైపోతోంది. చిన్న గుంతలో పడ్డా నడుము కింద ఎవరో గుద్దినట్టుండేది. టీ ఫ్లాస్కు సీటు మీద నుంచి తనంతట తనే దిగిపోయేది. జాకీకి చెబితే, “కొత్తలో అంతే అన్నా. చెప్పులు కరవవూ? నలిగితే అదే మెత్తబడుతుంది,” అన్నాడు. రాత్రి నడుముకి కాపడం పెడుతూ భార్య “ఏవండీ, ఆ బండి మీకు పడదు” అంటే, “రోడ్డు పాడైంది, బండేం చేస్తుంది” అని తిప్పికొట్టాడు. ఎత్తిద్దామని పట్టుబట్టింది తనే. తిరిగి దించమని ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు? అందుకే ఇంకా మెల్లగా నడిపాడు, ట్రేల కింద గోనెలు మడిచి వేశాడు. గుడ్డు పగల్లేదు. పగలనంతవరకూ తన తప్పేమీ లేదనుకున్నాడు.

ఆ రోజు హేచరీ నుంచి తిరిగొస్తూ ప్రతి గుంత దగ్గరా అతను ఊపిరి బిగబట్టాడు. వెనకాల ట్రేలు ఖాళీ. అయినా ఏదో ఊడిపోయి లోపల దొర్లుతున్నట్టే ఉంది.

*

చెల్లెలికి హేచరీ కబురు ఫోన్‌లో ముందే అందింది. అతను వెళ్లేసరికి ఆమె కోళ్ల దొడ్డి మెట్టు మీద కూర్చుని ఉంది. బూడిదరంగు పుంజు ఒకటి ఆమె చెప్పు దగ్గర గింజలు ఏరుకుంటోంది. ఆ రంగు, ఆ కాళ్ల బలం, ఎండకి తట్టుకునే ఆ గుణం ఏ అంగడిలోనూ దొరకవు. ఏటా నాసివి ఏరేసి, గట్టివి నిలుపుకుంటూ, పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి ఆమె తయారు చేసుకున్న మంద అది. పోతే మళ్లీ రాదు.

“బేరగాడికి కబురు పెట్టాను,” అంది ఆమె. “రేపు పొద్దెక్కాక వస్తాడు. పెట్టలూ పుంజులూ అన్నీ పట్టుకుపోతాడు.”

“అంత తొందరేంటమ్మా?”

“తొందర నాకా? హేచరీవాళ్లు కాదంటే ఈ గుడ్లు ఏం చేసుకోను, తలకి పెట్టుకోనా?” ఆమె పుంజు వీపు నిమిరింది. “నా చెయ్యే తప్పింది అన్నయ్యా. ఏ పుంజుని ఎప్పుడు మార్చాలో తెలుసుకోలేకపోయాను. ఇన్నాళ్లూ నాకు తెలుసనుకున్నాను.”

ఆ మాట అతని గుండెలో దిగబడింది. ఇప్పుడు చెప్పొచ్చు. చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. కానీ నిజమో కాదో తనకే తెలియదు కదా అని మనసు ఒక సందు వెతికింది. నిజం కాకపోతే అనవసరంగా నోరు జారినట్టవుతుంది. నిజమైతే?

ఇంకో దారి కూడా కనబడింది, అది మరీ నున్నగా ఉంది. చడీచప్పుడూ లేకుండా జాకీ చేత బండి సరిచేయించుకుంటే సరి. కొత్త మంద వస్తుంది, పిల్లలు బాగా వస్తాయి, పుంజులే ముసలివని అందరూ అనుకుంటారు. ఎవరికీ ఏమీ తెలియదు. ఈ బూడిదరంగు కోళ్లు మాత్రం ఉండవు.

*

ఆ రాత్రి అక్కడే ఉండిపోయి, తెల్లవారాక అతను చెల్లెలి గుడ్ల గదిలోకి వెళ్లి కిటికీ మూసి, గోనె అడ్డం కట్టాడు. టార్చిలైటు చుట్టూ గుప్పిట బిగించి, ఆ సందులో గుడ్డు మొద్దు వైపు ఆనించాడు. గుడ్డంతా ఎర్రగా వెలిగింది. మొద్దు దగ్గర రూపాయి బిళ్లంత తేట నీడ. గుడ్డుని అటూ ఇటూ తిప్పాడు. నీడ ఉన్నచోటే ఉంది. మరో గుడ్డు, ఇంకో గుడ్డు చూశాడు. అన్నీ అంతే. అలా చూసిన ఒక ట్రేని బండిలో పెట్టి, వాగుదాకా వెళ్లి, రాళ్ల మీదుగా దాటి, మళ్లీ వెనక్కొచ్చాడు. అంత మెల్లగా తన జన్మలో నడపలేదు.

గోనె మళ్లీ దించాడు. మొదటి గుడ్డు లైటు మీద పెట్టి తిప్పాడు. నీడ కదిలింది. తాపీవాళ్ల రసమట్టంలో బుడగ జారినట్టు, ఎటు తిప్పితే అటు, మెత్తగా జారింది. రెండోది కదల్లేదు. మూడోది కదిలింది. అతనికి నాలుగోది తీసే ధైర్యం లేకపోయింది. పెంకులన్నీ చెక్కు చెదరకుండా మెరుస్తున్నాయి.

బయట బేరగాడి బండి చప్పుడు వినబడింది. ఆ వెనకే కోళ్ల గోల.

అతను గబగబా వచ్చేసరికి బేరగాడు రెండు పుంజుల కాళ్లు కట్టేసి బుట్టలో వేశాడు. మూడోది అతని చంకలో గింజుకుంటోంది. చెల్లెలు అటు చూడకుండా ఖాళీ దాణా బస్తాలు మడత పెడుతోంది.

“ఆపవయ్యా,” అన్నాడు నిదానం.

“ఏంటాపేది? బేరం కుదిరింది,” అన్నాడు బేరగాడు.

“చెల్లీ, ఆపమను. పుంజుల్లో ఏం లేదు. తప్పు బండిది.” గుటక మింగాడు. “నాది.”

అతను చెప్పుకుపోయాడు. హేచరీలో ఆవిడ అడగడం, తను లేదనడం, గాలి గది సంగతి, పొద్దున చూసింది, అన్నీ. చెప్తున్నంతసేపూ చెల్లెలు చేతిలో బస్తా అలాగే ఉంది.

“ఆవిడ అడిగిందా?”

“అడిగింది.”

“అడిగితే, లేదన్నావా?”

“పగల్లేదన్నాను.”

“నిన్న సాయంత్రం ఇక్కడే నిలబడ్డావు కదా. నా చెయ్యి తప్పిందని నేను ఏడుస్తుంటే వింటూ నిలబడ్డావు.”

బేరగాడు ఒకసారి ఇటూ ఒకసారి అటూ చూసి, చంకలో పుంజుని మెల్లగా కింద పెట్టాడు. “అన్నాచెల్లెళ్ల గొడవ తేలాక కబురు పెట్టండి. నేను మధ్యలో నలిగిపోలేను,” అని బుట్టలో వాటి కట్లు కూడా విప్పి వెళ్లిపోయాడు.

చెల్లెలు బస్తా విసిరేసి నేరుగా బండి దగ్గరికి నడిచింది. చక్రం మీద కాలు పెట్టి, పక్క రేకు పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా వెనకాల ఎక్కింది. “పద వాగుదాకా,” అంది.

వెళ్లి వచ్చాక ఆమె దిగింది. నడుము పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. “నా పళ్లు ఇంకా కొట్టుకుంటున్నాయి,” అంది. “దీన్లోనా నువ్వు గుడ్లు మోసింది? రాళ్లు మోసినా పిండైపోతాయి కదరా!” చిన్నప్పటి నుంచీ అన్నయ్యా అనడమే తప్ప ఆమె ఎప్పుడూ అతణ్ని రా అనలేదు. ఇద్దరూ అది గమనించారు.

*

అతను ఆమె ఎదుటే హేచరీకి ఫోన్ చేశాడు. “మేడమ్, నిన్న మీరడిగినప్పుడు నేను చెప్పింది తప్పు” అని మొదలుపెట్టి, మధ్యలో ఆగకుండా పూర్తి చేశాడు. ఆవిడ ఇంకొక్క విడత చూస్తానంది. అదీ తేడా వస్తే తను చేయగలిగిందేమీ లేదంది.

జాకీ బండి కింద నుంచే మాట్లాడాడు. “షాకబ్జార్బర్లు పాతవే ఉంచేశాం అన్నా. బండి లేచింది, అవి లేవలేదు. సాగినంత సాగి బిగుసుకుపోయాయి. చక్రం గుంతలోకి దిగుదామంటే చోటేదీ? చక్రం దిగకపోతే బండే దబ్బున పడుతుంది. దానికి తోడు ఈ పట్టీ. ఇటుకలు మోసే బండికి వేసేది.”

“నేను గుడ్లు మోస్తానని నీకు తెలీదా?”

“తెలుసు.” కాసేపు స్పానరు చప్పుడు. “చెయ్యి అలవాటు కొద్దీ వేసేశా.”

“చెప్పులు కరుస్తాయన్నావు.”

“అన్నాను,” అన్నాయి కాళ్లు.

దళసరి పట్టీ తీసేసి పల్చటిది వేశాడు. ముందు బోల్టులు సగానికి వదిలాడు. పొడవు షాకులు బిగించి, టైర్లలో గాలి తగ్గించాడు. బండి మేడ దిగి అరుగు మీద కూర్చున్నట్టుంది. నిదానం వాగు దగ్గరికి వెళ్లి కర్ర ముంచి, తడిసిన మేరని ఇంజన్ పక్కన పెట్టి చూశాడు. నీళ్లు అందీ అందకుండా ఆగుతాయి. పైన వాన పడితే అదీ చెప్పలేం.

విడత వెళ్లే పొద్దున ఆకాశం ముసురు పట్టి ఉంది. చెల్లెలు ట్రేల మధ్య గోనె పరుచుకుని కూర్చుంది. తల మీదుగా దుప్పటి కప్పుకుని, లోపల టార్చి వెలిగించి, ఒడిలో ఒక గుడ్డు పట్టుకుంది. “నీడ కదిలితే క్యాబిన్ మీద కొడతాను. అక్కడే ఆపెయ్యి. మిగతావి నెత్తిన పెట్టుకుని మోస్తాను,” అంది.

మట్టిరోడ్డు గుంతల్లో చక్రాలు దిగి లేచాయి. నడుముకి తెలుస్తోంది కానీ గుద్దడం లేదు. అతని చెవులు మాత్రం వెనకే ఉన్నాయి. వాగులోకి దిగేటప్పుడు నీళ్లు కర్ర కొలత కన్నా కాస్త ఎక్కువే కనబడ్డాయి. మొదటి రాయి ఎక్కింది. దిగింది. రెండో రాయి మీద బండి ఒక పక్కకి ఒరిగి, నీళ్లు బంపరుని కొట్టి పైకి చిమ్మాయి. ఇంజన్ ఒకసారి గొంతు మార్చింది. అతను యాక్సిలరేటరు మీద కాలు కదపకుండా, ఊపిరి కూడా కదపకుండా ఉన్నాడు. ఏ క్షణాన రేకు మోగుతుందా అని భుజాలు బిగుసుకుపోయాయి. ఇంజన్ మళ్లీ సర్దుకుంది. ముందు చక్రాలు గట్టు మట్టిని పట్టుకున్నాయి, వెనకవి నీళ్లు కారుస్తూ ఎక్కాయి.

క్యాబిన్ మోగలేదు. వెనకాల అసలు ఏ చప్పుడూ లేదు. ఆ మౌనం భరించలేక అతను గట్టు మీద బండి ఆపేసి, దిగి పరిగెత్తాడు.

“ఏమైంది? కదిలిందా?”

దుప్పటి తొలిగింది. చెల్లెలి మొహం చెమటతో తడిసి ఉంది. గుడ్డు ఇంకా లైటు మీదే ఉంది.

“ఉన్నచోటే ఉంది,” అంది ఆమె. “నిన్నెవరు ఆపమన్నారు? ఆపితే మళ్లీ బయల్దేరేటప్పుడు జర్కు ఇస్తావు. వెళ్లి ఎక్కు.”

అతను వెళ్లి ఎక్కాడు. ఆమె మళ్లీ దుప్పటి కప్పుకుని, మరో ట్రేలోంచి ఇంకో గుడ్డు తీసింది. పట్నం ఇంకా చాలా దూరం ఉంది. అతను క్లచ్చి మీద నుంచి కాలు, నిద్రపోతున్న పసిబిడ్డ తల కింద నుంచి చెయ్యి తీసినట్టు, మెల్లగా తీశాడు.