సీయోను గాలి రేడియోలో భిక్షపతి డప్పు

కల్వకుర్తిలో ఎరువుల దుకాణం మీది గదిలో ఒక రేడియో ఎట్లా పుట్టిందో ఇప్పుడు కమలాకర్ నోటి నుంచే వినాలి. నలభై రోజుల ఉపవాసమట, దర్శనమట, ఆకాశం నుంచి స్వరమట! డప్పు కొట్టే భిక్షపతి ఆ మాట విన్నప్పుడల్లా పక్కకు తిరిగి ఉమ్మేవాడు. ఒక్క పూట తిండి ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేసే మనిషికి నలభై రోజుల ఉపవాసమా? జరిగింది వేరు. శ్రీశైలం రోడ్డు మీద ప్లాట్లమ్మే బేరం మూలబడ్డాక, రాష్ట్రం వచ్చిన మరుసటి యేడు, కమలాకర్ ఒక పాత కంప్యూటరూ ఒక మైకూ తెచ్చి, ఫోన్లో వినే క్రైస్తవ పాటల రేడియో పెట్టాడు. దానికి 'సీయోను గాలి' అని పేరు. మోత బయటికి పోకుండా గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించింది భిక్షపతి. అక్కడ మోగిన మొదటి పాట ఆయన భార్య అమృతమ్మది, దరువు ఆయనది.

డప్పు సెగ చూపిస్తే గాని పలకదు. గదిలో మంట పెట్టే వీలు లేదు. అందుకని భిక్షపతి కింద దుకాణం పక్కన అట్టముక్కలు రాజేసి డప్పు కాచుకుని, చర్మం సడలకముందే ఇరవై రెండు మెట్లు పరుగున ఎక్కి వచ్చి కొట్టేవాడు. పాటకోసారి దిగాలి, పాటకోసారి ఎక్కాలి. అప్పటికే ఆయనకు యాభై ఏళ్లు!

"భిక్షపతన్నా, నువ్వు లేకుంటె మన రేడియోనే లేదే" అనేవాడు ఆ రోజుల్లో కమలాకర్. పత్తి చేలల్లో కలుపు తీసే ఆడవాళ్లు ఫోన్ గట్టు మీద పెట్టుకుని ఆ పాటలు వినేవాళ్లు.

మూడేళ్లు తిరిగేసరికి కమలాకర్ కళ్లు నెత్తికెక్కాయి. తెల్ల సూటు వచ్చింది. కోస్తా ప్రసంగీకుల మాటతీరు అరువు తెచ్చుకుని మైకులో "ప్రియులారా" అని సాగదీయడం నేర్చాడు. ఇంట్లో మాత్రం "అన్నం బెట్టవే" అనే అరిచేవాడు. ముందు పిలుపులోంచి 'అన్న' పోయింది, ఆ తర్వాత పిలుపే పోయింది. ఒకరోజు డప్పును చూపుడు వేలితో చూపించి, "గిది చావుల కాడ కొట్టేది. దేవుని పాటకు పనికిరాదు. ఇగ రాకు" అన్నాడు.

"మీ తాత గూడ గిదే కొట్టిండు గదరా! గా డప్పు పెట్టిన కూడు తినే గద నువ్వు గింతటోనివైంది?" అని భిక్షపతి నిలదీశాడు. కమలాకర్ విననట్టే ఫోన్ చూసుకున్నాడు. మర్నాటి నుంచి కమలాకర్ బామ్మర్ది సాయికిరణ్ కీబోర్డు ముందు కూర్చున్నాడు. ఒక మీట నొక్కితే వేణువట, ఇంకో మీట నొక్కితే వయొలినట, మరో మీట నొక్కితే డప్పట! థూ, అదీ ఒక మోతేనా!

ఏడేళ్లు భిక్షపతి ఆ మెట్లు ఎక్కలేదు. కమలాకర్ పేరెత్తితే తిట్టకుండా వదల్లేదు. కిందటేడు అమృతమ్మ చేను గట్టు మీద జారిపడి, తుంటి విరిగి మంచాన పడింది. పగలంతా తలగడ పక్కన అదే రేడియో.

"ఒక్కపారి నీ దరువు మల్ల రేడియోల ఇనాలయ్యా. గంతకంటె నాకేం వద్దు" అంది ఒకనాడు.

అంతలోనే కమలాకర్ నుంచి కబురు. రేడియోకు పదేళ్ల పండుగ, అదంతా రేడియోలో కూడా వస్తుంది, హైదరాబాద్ నుంచి పెద్దవాళ్లు వస్తున్నారు, వాళ్లకు పల్లె డప్పు చూడాలని ముచ్చటట. నిన్నటిదాకా చావు డప్పు, ఇప్పుడు పల్లె డప్పు! సిగ్గూ శరం ఉన్నవాడు పంపే కబురేనా అది? భిక్షపతికి ఒళ్లు మండింది. అయినా అమృతమ్మ మొహం చూసి వస్తానన్నాడు. ఆమె ఆ సంగతి వాడకట్టంతా చెప్పుకుంది.

ఆ రోజు ఫంక్షన్ హాలు వెనక డప్పు కాచుకుని, బిగువు చూసుకుని, భిక్షపతి వేదిక ఎక్కాడు. కమలాకర్ నవ్వు మొహంతోనే చెవి దగ్గరికి వంగాడు.

"కొట్టకు. చెయ్యి ఆడియ్యి, చాలు. మోత సాయికిరణ్ కీబోర్డుల ఇస్తడు. నీది మైకుల గలీజుగ వస్తది."

భిక్షపతి డప్పును వాడి మొహాన విసిరికొట్టి దిగిపోదామనుకున్నాడు. ఇంతలో కమలాకర్ మైకందుకుని, "ఇప్పుడు మన భిక్షపతన్న డప్పు!" అని ప్రకటించనే ప్రకటించాడు. ఆ మాట ఇంట్లో అమృతమ్మ చెవిన పడే ఉంటుంది. భిక్షపతి చెయ్యి ఎత్తాడు. చర్మానికి తగలకుండా, పాట అయ్యేదాకా ఆడించాడు. ముందు వరసలో వాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఆయన ఇంటికొచ్చేసరికి అమృతమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నెలల తర్వాత లేచి కూర్చోవడం అదే మొదలు.

"ఇన్ననయ్యా" అంది కళ్లు తుడుచుకుంటూ. "గంత మంచిగ ఎన్నడు కొట్టలే నువ్వు. నా పానం నిమ్మలమైంది."

భిక్షపతి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"గా కమలాకర్ మంచోడేనయ్యా. ఊకె తిడ్తవు గని" అంది అమృతమ్మ.

"ఔ, మంచోడే" అన్నాడు భిక్షపతి.