తాళం వేసిన గదిలో లేచిన హెచ్చరికలు

అరియాంకుప్పంలో మా వీధి మలుపు దగ్గర టౌన్ బస్సు ఆగేలా చేసినవాణ్ణి నేను. ఊరిబడిలో ఎనిమిదో తరగతితో ఆగినా పాల సంఘానికి రెండుసార్లు ప్రెసిడెంటునయ్యాను. 2005లో మా తమ్ముడి కూతురు నందితకు టౌన్లో సారం అనేచోట ఉన్న చిన్న కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం వచ్చిందీ నా మాట మీదే. ఓనరు విజయరంగన్ ఆనాడు నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

అంతకుముందు నందిత రెడ్డియార్‌పాళయంలో ఒక బియ్యం అంగడికి బిల్లుల ప్రోగ్రాం రాసింది. తప్పు నొక్కితే తెరమీద చిన్న పెట్టె లేచి హెచ్చరించేది. కంపెనీకి ఒక నర్సింగ్ కాలేజీ అడ్మిషన్ల వెబ్‌సైట్ పని వచ్చినప్పుడు, అందులోనూ అలాంటి పెట్టే పెట్టింది. ఫోటో ఎక్కకపోతే "దరఖాస్తు చేరలేదు, మళ్ళీ పంపండి" అనాలి. తన కంప్యూటర్లో నాకు చూపించింది. పెట్టె టక్కున లేచింది. మా ఇంటి బిడ్డ పనితనమని బస్సులో అందరికీ చెప్పుకున్నాను.

గడువు దాటాక గొడవ మొదలైంది. ఫోటో ఎక్కని పిల్లలకు ఏ హెచ్చరికా కనబడలేదు. పేజీ కదలకపోతే, చేరిపోయిందనుకుని మూసేశారు. కంపెనీలో ఆ వెబ్‌సైట్‌ను నడిపే సర్వర్ కంప్యూటరున్న గది తాళం తీసి చూస్తే, పెట్టెలన్నీ అక్కడి తెరమీద లేచి ఉన్నాయి.

"నీ దాంట్లో వచ్చింది గదమ్మా, వాళ్ళకేంటికి రాలేదు?"

"నా దాంట్లో సర్వరూ అదే, చూసేదీ అదే పెదనాయనా. ఆ కోడు నడిచేది సర్వర్లో, పెట్టె ఆడనే లేస్తది. వాళ్ళ బ్రౌజర్‌కి స్క్రిప్టు పంపించి ఉండాల. అంగడి ప్రోగ్రాం అలవాటు, తట్టలా."

"ఇప్పుడు మార్చలేవా?"

"మార్చినా. బాగానే వస్తా ఉంది. గడువైపోయినాక దరఖాస్తు పంపేదానికి ఎవురున్నారు?"

నందితను తీసేస్తారని విని, దాని ఉద్యోగం నిలబెట్టాలని, సంఘంవాళ్ళు కప్పిన శాలువా వేసుకుని సారం వెళ్ళాను. విజయరంగన్ ఈసారి లేవలేదు.

"ఆ పాప ఉంటే మేముండమని కాలేజీవాళ్ళు అంటా ఉండారు. నన్నేం జెయ్యమంటారు?"

"నేను పాల సంఘం ప్రెసిడెంటుగా చేసినవాణ్ణయ్యా!"

"తెలుసయ్యా. పోయినసారీ జెప్పినారు."

ఇంకోచోట మాట్లాడతానంటే నందితే వద్దంది. "యాడికి పోయినా ముందు ఈ ఓనరుకే ఫోన్ జేసి అడుగుతారు పెదనాయనా."

ఇప్పుడు ఆ బియ్యం అంగడిలోనే బిల్లులు వేస్తోంది. తప్పు నొక్కినప్పుడు తను రాసిన పెట్టే లేస్తుంది. చదవకుండానే మూసేస్తుంది.