అవతలి గట్టు మీద చెయ్యెత్తిన మనిషి

మా ఊరి మంచినీళ్ల చెరువు చుట్టూ ఒకసారి నడవడానికి అరగంట పడుతుంది. సాగర్ కాలువకు నీళ్లు వదిలినప్పుడు నింపుకుని, ఎండాకాలమంతా ఊరు తాగే చెరువు అది. పొద్దున్నే గట్టెక్కితే ఒకపక్క నీళ్ల మీద మంచు, ఇంకోపక్క కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఎరుపు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే ఊళ్లోకి వస్తున్న రోజులవి. షుగరున్నవాళ్లు నడవాలని ఆర్ఎంపీ డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి నేనూ, మా పక్కింటి వదినా రోజూ రెండు చుట్లు నడిచేవాళ్లం. చీరల కింద బూట్లేసుకున్నామని ఊరు నవ్వింది. మేమూ నవ్వుకున్నాం.

ఆ ఏడాది మా మిరపకాయ చూడటానికి వ్యాపారి వచ్చాడు. బస్తాల్లో తొక్కేటప్పుడు ఎండుకాయ పొడైపోకుండా కాసిని నీళ్లు చల్లడం అందరూ చేసేదే. తూకం పెరుగుతుందని మేం కొంచెం ఎక్కువే చల్లాం. వదిన కళ్లం పక్కగా పోతూ ఆగి, "ఏం వదినా, కాయకి తలంటు పోసినట్టున్నారే!" అంది. సరదాకే అంది. వ్యాపారి మాత్రం నవ్వకుండా బస్తాలన్నీ విప్పించి, మళ్లీ ఆరబెట్టుకోండి అని వెళ్లిపోయాడు. ఆవిడ అన్నది నిజం కాబట్టే నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పూట నుంచి మాటలు మానేశాను.

మాటలు మానేశాను గానీ నడక మానలేదు. వేళ మార్చుకుంటే నేను తగ్గినట్టవుతుందని పంతం. ఎదురుగా నడిస్తే చుట్టుకి రెండుసార్లు మొహాలు చూసుకోవాలి. అందుకని ఆవిడ నడిచే వైపే, సగం చెరువు వెనకగా నడిచేదాన్ని. ఆవిడ నెమ్మదిస్తే నేనూ నెమ్మదించేదాన్ని. ఇంత తెలివి ఇంకెక్కడా వాడలేదు నేను.

ఒకరోజు ఆవిడ అవతలి గట్టున, తూము రాయి మీద కూర్చుండిపోయింది. నడక మధ్యలో కూర్చునే మనిషి కాదు. నాకేసి చూసి చెయ్యెత్తింది. దారికొచ్చింది, రాజీకి పిలుస్తోంది అనుకున్నాను. అప్పుడు నాకు కలిగిన సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఇంకో నాలుగు రోజులు బతిమాలనీలే అనుకుని, వెనక్కి తిరిగి, గట్టు దిగి ఇంటికొచ్చేశాను. కాఫీ పెట్టుకుని తీరిగ్గా తాగాను.

నీళ్ల మోటారు దగ్గర పనిచేసే ఆయన చూశాడట. షుగరు పడిపోయి, ఒళ్లంతా చెమటలతో ఆ రాయి పక్కనే ఒరిగిపోయి ఉందట. ఆటోలో చిలకలూరిపేట తీసుకెళ్లారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు.

నాలుగోరోజు ఇంటికి తీసుకొచ్చారు. ఉండబట్టలేక వెళ్లాను. మంచం మీద నుంచే నా చెయ్యి పట్టుకుంది.

"కళ్లు బైర్లు కమ్మాయి వదినా. ఇవతల గట్టున ఎవరో కనపడితే నువ్వే అనుకుని చెయ్యెత్తాను."

"ఆరోజు నేను చెరువుకే రాలేదు" అన్నాను. తడుముకోకుండా అన్నాను.

ఆవిడ కోడలి వైపు తిరిగింది. "చెప్పలా నీకు? మా వదినైతే ఎంత కోపమున్నా పరిగెత్తుకుంటూ రాదూ!"

ఆ తర్వాత కొన్నేళ్లు మళ్లీ నా పక్కనే నడిచింది. చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. ఆ మాట నమ్ముతూనే పోయింది.