పడవ సందుల్లోని వెలుగు

గుంటూరులో మేముండే అపార్ట్‌మెంట్‌లో ఎదురింటివారు ప్రతి శుక్రవారం సాయంత్రం గుగ్గిలం పొగ వేస్తారు. ఆ వాసన మా గుమ్మం దాటగానే నేను దిద్దుతున్న లెక్కల పేపర్లు వదిలి లేచి, కిటికీల గడియలు చూసి, కుళాయి బిగించి, వచ్చి కూర్చుని, మళ్ళీ లేస్తాను. పేపర్లు ఎగరకుండా వాటిమీద జానెడు ఇనుప ముక్క ఒకటి ఉంటుంది. ఉలిలాగే ఉంటుంది గాని అంచు మొద్దు. వాన ఏ రోజు పడిందో, గ్యాస్ బండ ఎన్ని రోజులు వచ్చిందో కూడా డైరీలో రాసుకునే మనిషిని నేను. ఆ ఇనుప ముక్క నా చేతికి ఎలా వచ్చిందో మాత్రం ఏ డైరీలోనూ రాయలేదు.

మా ఊరు కొమ్మమూరు కాలువ గట్టున ఉండేది. మా నాన్నకు తన తండ్రి నుంచి వచ్చిన తెరచాప పడవ ఒకటి ఉండేది. ముప్ఫై ఆరు అడుగుల టేకు పడవ. తుమ్మచెక్క కషాయంలో నానబెట్టి నానబెట్టి ఎండు మిరపకాయ రంగుకు తిరిగిన తెరచాప. ఎక్కగానే ఉప్పూ, మిరప ఘాటూ, తడి కొయ్యా కలిసిన వాసన. లారీలు ఊళ్ళోకి వచ్చాక, మిరప టిక్కీలు, అంటే మిరపకాయ బస్తాలు, పడవకెక్కడం ఏటికేడు తగ్గిపోతున్నా నాన్న దానికి మెరుగులు దిద్దుతూనే ఉండేవాడు. వంతెన వచ్చినప్పుడల్లా నలుగురు పట్టి తెరచాప కొయ్యను పీకి పడుకోబెట్టే బాధ తప్పించడానికి, కమ్మరి చేత ఇనుప మడతబందు చేయించి బిగించి, ఆ రోజంతా ఒక్కడే దాన్ని వంచుతూ, లేపుతూ చిన్నపిల్లవాడిలా మురిసిపోయాడు.

ఏటా వేసవిలో కాలువ కట్టేసేవారు. నీళ్ళు పూర్తిగా తీసేలోపే తాటిమొద్దుల మీద దొర్లించి పడవను గట్టెక్కించేవారు. ఆ రెండు నెలలూ అది మా ఇల్లే. ముంజెలు జుర్రుకోవడం, కారం అద్దిన మామిడికాయ ముక్కలు కొరుక్కోవడం, అచ్చనగండ్లు ఆడటం అన్నీ దాని నీడలోనే. మరమ్మతు చేయడానికి చీరాల వైపు నుంచి సుబ్బయ్య తాత వచ్చేవాడు. బక్కపలచని వడ్రంగి. దేశవాళీ పత్తిని వేళ్ళతో మెత్తగా పేని, ఈ మొద్దు ఉలితో చెక్కల సందుల్లోకి నెట్టి, ఆముదంలో కాచిన గుగ్గిలం పైన పూసేవాడు. ఆ కాగుతున్న గుగ్గిలం వాసనకు ఊళ్ళో కుక్కలు సైతం గట్టు దిగిపోయేవి.

నాకు పదో ఏడు నడుస్తున్న వేసవిలో కట్టెలు మండించి పొగాకు ఆరబెట్టే బ్యారన్ యజమాని ఒకాయన వచ్చి పడవ చుట్టూ తిరిగి, పిడికిలితో చెక్క మీద కొట్టి చూశాడు.

"ఏమయ్యా, ఇంకేం బావుకుంటావు దీంతో? నాకిచ్చెయ్. పొయ్యిలోకి పనికొచ్చుద్ది," అన్నాడు.

"ఈ ఒక్క ఏడూ చూడనీ. ఈసారి కూడా నీళ్ళు లోపలికొస్తే నువ్వే తోలుకుపో," అన్నాడు నాన్న. నవ్వుతూనే అన్నాడు గాని, ఆ రోజు అన్నం సగంలో లేచిపోయాడు.

నాకు నిలకడ పోయింది. పడవలోకి దిగి వెల్లకిలా పడుకుంటే పక్కచెక్కల సందుల్లోంచి ఎండ సన్నని గీతల్లా కనిపించేది. లెక్కపెట్టాను. ముప్ఫై ఏడు. పలక మీద రాసుకుని వెళ్ళి సుబ్బయ్య తాతకు చూపించాను.

"తాతా, ముప్ఫై ఏడు చోట్ల వెలుగొస్తంది. దూది సరిపోలా."

"వచ్చుద్దమ్మా, రానీ. చెక్క నీళ్ళు తాగి ఒళ్ళు చేసుద్ది. దానికి చోటొదలాలా, వద్దా? కడుపునిండా తిన్నాక మీ నాన్న మొలతాడు వదులు చేసుకోడూ?" అని బోసినోటితో నవ్వాడు.

నాన్న మొలతాడు మాట నాకు రుచించలేదు. వెలుగు వచ్చే సందులో నీళ్ళు రావా అన్నదే నా లెక్క. మర్నాడు తాత పనిముట్లు మా వసారాలో పెట్టి, పెళ్ళికని రెండు రోజులు ఊరెళ్ళాడు. మా అమ్మ కార్తీకంలో వెలిగించడానికి ఏడాది పొడవునా ఒత్తులు పేని, మూడు వందల అరవై అయిదూ రేకు డబ్బాలో దాచేది. పత్తి చేల మధ్య పుట్టి పెరిగిన మాకు ఇంట్లో దూదికి కరువేమిటి? అయినా పేనడానికి ఓపిక లేక ఆ డబ్బాయే తీసుకున్నాను. రెండు మిట్టమధ్యాహ్నాలు, అందరూ కునుకు తీస్తున్న వేళ, పడవ లోపల అడ్డకొయ్యల మధ్య నా సన్నని చేయి దూర్చి, ఒక్కో సందులో ఎనిమిదీ పదీ ఒత్తులు కూరి, ఉలి పెట్టి రాయితో కొట్టాను. ముప్ఫై ఏడు సున్నా అయింది. వేళ్ళు బొబ్బలెక్కాయి. సుబ్బయ్య తాత తిరిగొచ్చి, బయటివైపు నుంచి గుగ్గిలం పూసేశాడు.

కాలువకు నీళ్ళు వదిలారు. అమ్మ పులిహోర, చలిమిడి చేసింది. పడవ ముక్కుకు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి నీళ్ళలోకి తోశారు. ఒక్క చుక్క రాలేదు. నాన్న చెప్పులు విడిచి అడుగు చెక్కల మీద అటూ ఇటూ నడిచి, "పొడిగా ఉందిరోయ్!" అని కాలువంతా వినబడేలా అరిచాడు. నేను గట్టుమీద గెంతాను.

మూడో రోజు పొద్దున చూస్తే పడవ అంచుల దాకా మునిగి ఉంది. ఉబ్బిన చెక్కలకు జరిగే చోటు లేక, మేకులను పెరుక్కుని రెండు చెక్కలు బయటికి లేచిపోయాయి. నడుము లోతు నీళ్ళలో దిగిన సుబ్బయ్య తాత విరిగిన చోట చేయి పెట్టి, రాయిలా బిగిసిన దూది ఉండను లాగాడు. అది ఒత్తుల ఉండ. పేటలు విడివిడిగా కనిపిస్తూనే ఉన్నాయి. ఆయన గట్టుమీదున్న నా వైపు చూశాడు.

"ఏమైంది సుబ్బయ్యా?" అన్నాడు నాన్న.

"చెక్క ముసలిదైపోయిందండీ. మేకు పట్టుకోటల్లా," అన్నాడు ఆయన, పిడికిలి మూసి.

గట్టెక్కి వచ్చి ఆ ఉండను నా చేతిలో పెట్టి, నా వేళ్ళు తనే ముడిచాడు. "పారెయ్ తల్లీ," అన్నాడు. ఆ వారంలోనే బ్యారన్ బండ్లు వచ్చాయి. గొడ్డలి చప్పుడు వినిపిస్తున్నంతసేపూ నాన్న ఆ మడతబందును ఒళ్ళో పెట్టుకుని గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. ఇక చేసే పడవ లేదని సుబ్బయ్య తాత ఉలి నాకిచ్చి వెళ్ళిపోయాడు. కార్తీకంలో అమ్మ ఖాళీ డబ్బా చూసి ఎలుకల్ని తిట్టింది. నాన్నకు, ఆయన పోయేదాకా, ఆ ఒత్తుల సంగతి నేను చెప్పలేదు.

ఇప్పుడు ఆ కాలువ నిండా గుర్రపుడెక్క. బ్యారన్ గోడలు కూలిన చోట ప్లాట్ల రాళ్ళు. తుమ్మచెక్క రంగు తెరచాప అంటే మా క్లాసులో ఒక్క పిల్లకీ తెలియదు.

మొన్న వానలకు మా వీధి తలుపు ఉబ్బి పట్టేస్తుంటే వడ్రంగిని పిలిచాను. చిత్రిక పట్టి, తలుపు వేసి చూపించాడు.

"ఎండలకి ఈ సందు ఇంకా పెద్దదవుద్ది మేడమ్. రబ్బరు పట్టీ బిగించెయ్యమంటారా?"

బిగించెయ్ అన్న మాట నోటిదాకా వచ్చింది. రెండుసార్లు తలుపు తీసి వేశాను. వద్దన్నాను.

ఆ రోజు డైరీలో నా బాల్యంలోని ఆ రెండు మధ్యాహ్నాలనూ, ఒత్తులతో సహా రాశాను. కింద ఇంకో వాక్యం: వీధి తలుపుకు సందు ఒకటి, వెలుగు వస్తోంది, అలాగే వదిలాను.