ఆ ఆటలో కొవ్వొత్తి ఆరిపోయింది

మా చిన్నప్పుడు... నేను కంప్యూటర్‌లో దయ్యాన్ని చూసి జడుసుకున్నానని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంటికొచ్చిన చుట్టాలకు కాఫీతో పాటు ఈ కథ కూడా ఇస్తారు. నేను పక్కనే కూర్చుని ఉంటాను. నన్ను మాత్రం ఎవరూ అడగరు.

అసలు ఆ ఆటలో దయ్యమే లేదు...

పుంగనూరులో మా ముందుగదిలో ఉండేది ఆ కంప్యూటర్. నాన్న తన జెరాక్స్ షాపు కోసం కొన్నారు. షాపులో ఎలుకలు వైర్లు కొరుకుతున్నాయని ఇంటికి తెచ్చేశారు. అమ్మ దానికి పూలగుడ్డ కప్పేది. మదనపల్లెలో కంప్యూటర్ సెంటర్ నడిపే మా మామ ఒకసారి వస్తూ ఒక సీడీ తెచ్చాడు. అట్ట లేదు, పేరు లేదు. లోపల ఒక ఆట.

సరస్సు ఒడ్డున పెద్ద ఇల్లు... మనుషులు మాయమైపోయారు. ఎక్కడికి పోయారో మనమే కనుక్కోవాలి. కాల్చడాలు, పరుగులు ఏమీ లేవు. బాణం గుర్తు ఎక్కడైనా చెయ్యిగా మారితే అక్కడ నొక్కాలి. దొరికిన తాళంచెవి, తాడు, కొవ్వొత్తి స్క్రీన్ అడుగున వరసగా చేరేవి. మౌస్ అక్కది. పక్కన స్టూలు నాది.

"హాల్లో పొయ్యి యాల పెట్టుకున్నారే వీళ్ళు?" అనేది అక్క.

"చుట్టాల ముందరే వండుతారేమో."

నవ్వేవాళ్ళం గానీ... ఆ ఇంట్లో గాలి చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. ఒక్కో తలుపు తీసేటప్పుడు నా కాళ్ళు స్టూలు మీదికి వచ్చేసేవి. ఎవరో వస్తారన్న భయం కాదు నాది. ఎవరూ రారేమోనని.

ఒక ఆదివారం మధ్యాహ్నం తివాచీ కింద చెక్కమూత కనిపించింది. తీస్తే మెట్లు... కిందంతా నలుపు.

మా వెనక నేల మీద కూర్చుని అవ్వ చెనిక్కాయలు ఒలుస్తోంది. మా నాన్నకు అమ్మ. ఎప్పుడూ స్క్రీన్ వైపు చూడనిది, ఆ రోజు చూసింది.

"అదేంది పాపా, పాతరా?"

అవ్వ పుట్టిల్లు పెద్దమండ్యం పక్క. అక్కడ నేలలో లోతుగా గొయ్యి తవ్వి రాగులు పోసి మూసేవాళ్ళు. దాన్నే పాతర అంటారు.

"అట్లాంటిదేలే అవ్వా. ఇప్పుడు దిగతాండాం," అంది అక్క.

"అట్లే దిగకూడదు. మూసిన పాతరలో గాలి చెడిపోయి ఉంటాది. ముందు దీపం దించాల. దీపం ఆరిపోతే మనిషి దిగకూడదు." చెనిక్కాయలు ఒలిచే చెయ్యి ఆగింది. "మా తమ్ముడు దీపం దించకుండా దిగినాడు."

అవ్వ కళ్ళు ఆ మెట్ల మీదే ఉన్నాయి.

"కొవ్వొత్తి ఉండాది కదా, పెట్టి సూడక్కా," అన్నాను.

అక్క కొవ్వొత్తిని తీసి మెట్ల మీద పెట్టింది. మంట ఒకసారి నిక్కింది. వంగింది... ఆరిపోయింది.

స్క్రీన్ మొత్తం నలుపు. అందులో మా ముగ్గురి ముఖాలు కనిపించాయి. నేను అరిచాను. చెనిక్కాయల చాట తోసేసి అవ్వ లేచి, గోడ దగ్గర స్విచ్ కట్టేసింది. మళ్ళీ వచ్చి నా భుజం గట్టిగా పట్టుకుంది.

వంటింట్లోంచి అమ్మ పరిగెత్తుకొచ్చింది. "ఏమైందత్తా?"

అవ్వ నా వైపు చూసింది. "ఏం లేదు. బొమ్మ సూసి పాప జడుసుకుండాది," అంది.

అంతే... నాకు దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. సీడీ మదనపల్లెకు తిరిగిపోయింది. నేను పిరికిదాన్నయ్యాను. హాస్టల్ అడిగితే పిరికిది, టూరుకు పోతానంటే పిరికిది. డిగ్రీకి కూడా రోజూ ఇంటినుంచి బస్సులోనే పోయి వచ్చాను. నేను అరిచింది బొమ్మకు కాదు, దీపం ఆరినందుకు... అది అవ్వకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అక్క కూడా వాళ్ళ మాటే నమ్మేసింది.

కొన్నాళ్ళకు అవ్వనే అడిగాను. "దీపం ఆరిపోతే ఇంకెవురూ దిగరా అవ్వా?"

"యాల దిగరు? రాగులు పాతరలోనే కదా ఉండేది. మూత తీసిపెట్టి గాలాడనియ్యాల. మళ్ళా దీపం దించాల. నిలబడితే దిగాల."

"భయం కాదా?"

"భయమే. భయమైతే కూడు మానుకుంటామా?"

అవ్వ ఇప్పుడు లేదు. ఇలాంటి ఆటలూ పెద్దగా లేవు... ఉన్నా ఎవరో ఒకరు చివరిదాకా ఆడేసి వీడియో పెట్టేస్తున్నారు. మూత కింద ఏముందో మూత తీయకముందే తెలిసిపోతోంది. నెలల తరబడి ఒకే తలుపు ముందు ఆగిపోవడం ఇప్పటి పిల్లలకు ఉందో లేదో.

మొన్న నాకు కుప్పంలో ఉద్యోగం వచ్చింది. నాన్న పేపర్లోంచి తల ఎత్తలేదు. "కంప్యూటర్‌లో బొమ్మ సూసి అరిచిన దానివి, ఒక్కదానివే రూములో ఉంటావా అమ్మా?" అన్నారు.

పోయినవారం కుప్పం పోయి రూము చూసి వచ్చాను. చాలాకాలంగా మూసి ఉన్న గది. తాళం తీశాను. చీకటి, ముక్కవాసన... తలుపు, కిటికీ బార్లా తెరిచి వరండాలో నిలబడ్డాను. భయం పోలేదు. గదిలో గాలి ఆడింది. లోపలికి పోయాను.

మీరూ ఇలాంటి ఆటలు ఆడి ఉంటే, ఏ తలుపు దగ్గర ఆగిపోయారో కింద రాయండి. సరస్సు ఒడ్డు ఇల్లు ఆడినవాళ్ళుంటే మాత్రం, ఆ మెట్ల కింద ఏముందో చెప్పొద్దు.

సోమవారం కుప్పం బస్సు ఎక్కుతున్నాను. ఇంట్లో చెప్పేశాను.